పదహారో గొంతు

పదహారో గొంతు పలకకపోవడం దగ్గర కదా పోయిన వారం మనం ఆగాం! ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్పేస్తాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ నాటకశాలలో కోరస్‌ని నడిపిస్తున్న ఆవిడని అందరూ మేస్త్రమ్మ అంటారు. వెనకటికో హీరో వెటకారంగా "గుంపు మేస్త్రి" అన్నాడు, ఆవిడ దాన్ని బిరుదులా పుచ్చుకుంది. హీరో పోయాడు, బిరుదు మిగిలింది. ఆవిడ సొంత మేనల్లుడే మూడు నెలల కిందట అక్కడికి దర్శకుడై వచ్చాడు. వచ్చీ రాగానే కోరస్‌ని స్టేజి దింపేసి టేపులో పెడతానన్నాడు. "పదహారు మంది అడ్డంగా నిలబడితే రాజు కనపడటం లేదు మేడమ్" అన్నాడు. ఇంట్లో అత్త, నాటకశాలలో మేడమ్. అత్త అలగకుండా ఒక తాయిలం కూడా పెట్టాడు. మూడో అంకం ఎత్తుగడలో ఒంటరి గొంతుతో రావలసిన మాట ఒకటుంది. ఆ ఒక్క మాటా మేస్త్రమ్మ స్టేజి మీద నిలబడి స్వయంగా పాడాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆవిడ ఒక్కర్తీ పాడిన మాట ఒక్కటీ లేదు. అది విన్న రోజు ఇంటికి వెళ్ళి అద్దం ముందు పదిసార్లు పాడుకుంది. పాడుకున్నందుకు సిగ్గుపడింది కూడా.

ఆ తర్వాత కోరస్‌లో ఒక్కొక్కరినీ గాజుగదిలో విడిగా నిలబెట్టి రికార్డు చేశారు. పదిహేను మంది గొంతులూ పడ్డాయి. పదహారోది, అక్కడ అందరూ బాబాయి అని పిలిచే ముసలాయనది. అందులో గొంతే లేదు.

అదీ సంగతి. ఇక ఈ ఉదయానికి రండి.

పదిన్నర అయింది. రిహార్సల్ హాల్లో ఫ్యాను ఆపేశారు, అది కీచుమంటుంది కాబట్టి. నేల మీద ఎవరు ఎక్కడ నిలబడాలో సుద్దముక్కతో గీసిన గుర్తులు సగం చెరిగిపోయి ఉన్నాయి. కోరస్ వాళ్ళు చెక్కమెట్ల మీద మూడు వరసల్లో కూర్చున్నారు. ఎప్పుడూ గలగలమంటూ ఒకళ్ళ ఫ్లాస్కులో నీళ్ళు ఒకళ్ళు తాగే జనం, ఆ పూట కుక్కిన పేనుల్లా ఉన్నారు. బాబాయి మాత్రం కింద కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తన సంగతి కానట్టు కిటికీలోకి చూస్తున్నాడు.

"పెట్టండి" అన్నాడు దర్శకుడు.

సౌండమ్మాయి మెడలో హెడ్‌ఫోన్లు సర్దుకుని మీట నొక్కింది. స్పీకర్లోంచి గాలి లోపలికి పోయిన చప్పుడు వచ్చింది. కాసేపటికి బయటికి వచ్చిన చప్పుడు. మళ్ళీ లోపలికి. మధ్యలో చొక్కా రాసుకున్న శబ్దం. నిమిషమున్నర పాటు అంతే.

"అనవసరపు చప్పుళ్ళు తీసేసే వడపోతలో పొరపాటేమోనని రెండుసార్లు చూశాను సార్" అంది సౌండమ్మాయి, తప్పు తనదైనట్టు.

"పొరపాటు మీది కాదు." దర్శకుడు మేస్త్రమ్మ వైపు తిరిగాడు. "ఎన్నాళ్ళ నుంచి మేడమ్?"

మేస్త్రమ్మకి అబద్ధం ఆడటం చేతకాదని కాదు, ఆడాలనిపించలేదు. "రెండేళ్ళయింది. గొంతులో కాయ కోశారు. పాడకూడదన్నారు. పాడదామన్నా రాదు."

"రెండేళ్ళు! నేను ఆయన మితభాషి అనుకున్నాను. గుసగుసగా మాట్లాడుతుంటే మర్యాదస్తుడనుకున్నాను." మెట్ల మీద ఎవరికో నవ్వొచ్చి, దగ్గుగా మార్చుకున్నారు. దర్శకుడికి ఇంకా మండింది. "నవ్వండి, నవ్వండి. నలుగురితో నారాయణ, గుంపులో గోవిందా అని ఆయన్ని మధ్యలో దాచేశారన్నమాట. టికెట్టు కొని వచ్చినవాళ్ళకి పదహారు మంది పాడుతున్నారని చూపించి పదిహేను గొంతులు అమ్మారు. దీన్నేమంటారు మేడమ్?"

"కోరస్ అంటారు" అంది మేస్త్రమ్మ.

దర్శకుడు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. చిన్నప్పుడు కూడా అంతే, ఏడుపు రాబోయే ముందు ఏదో ఒకటి తుడిచేవాడు, పలకో బొమ్మో. ఆ సంగతి ఈ హాల్లో ఆవిడకొక్కదానికే తెలుసు.

"చూడండి, ఆయనంటే నాకూ గౌరవమే. కానీ పాడలేని మనిషి కోరస్‌లో ఎందుకు? సానుభూతి ఉంటే ఇంట్లో చూపించుకోండి. మీ వంతపాటకి ఒక మనిషి తక్కువైతే ఏమైందట?"

ఇక్కడ మేస్త్రమ్మకి తిక్క రేగింది. కుర్చీలోంచి లేచింది. అరవై దగ్గర పడుతున్న మనిషి, మోకాళ్ళు చప్పుడు చేశాయి, అయినా లేచిన తీరు చూస్తే మెట్ల మీద ఉన్న పద్నాలుగు మందీ నిటారుగా కూర్చున్నారు.

"ఏమన్నారు దర్శకుడుగారూ, వంతపాటా?" ఆ 'గారూ'లోనే ఉంది కారమంతా. "సరే, వంతపాటే. ఈ నాటకంలో ఏం జరుగుతుంది? ఊళ్ళో జ్వరాలొస్తాయి. రాజు భయపడి కోట తలుపులు వేయించేస్తాడు. బయట ఉండిపోయిన జనం తలుపు ముందు నిలబడి ఏమంటారు?"

"మేమున్నాం అంటారు. నాకు నాటకం చెప్పకండి."

"చెప్తాను, వినండి. తిట్టరు, ఏడవరు, ఉన్నాం అంటారు. ఆ చివరి దీర్ఘం ఎనభై లెక్కపెట్టేంత సేపు లాగుతాం. దానిమీదే రాజు తన తప్పంతా ఒప్పుకుంటాడు. అందరూ వచ్చి రాజుగారికి దండలు వేస్తారు, ఆహా ఏం ఏడిచారండీ అని. మంచిదే, ఆయన బాగానే ఏడుస్తాడు. కానీ ఆయన ఎవరికి చెప్పుకుంటున్నాడు? మాకు. మేం లేకపోతే ఆయన గోడతో మాట్లాడుకుంటున్న పిచ్చివాడు. రాజు చచ్చినా ఊరు ఊపిరి తీసుకుంటూనే ఉండాలి, అందుకని ఆ మాట ఎక్కడా తెగకూడదు. తెగిందంటే ఊరు చచ్చిందని అర్థం."

"అదే కదా, టేపయితే అసలు తెగదు!"

"అయితే టేపు వినిపించమనండి. పదిహేను గొంతులూ కలిపి."

దర్శకుడు సౌండమ్మాయి వైపు చూశాడు. ఆ అమ్మాయి కింది పెదవి కొరుక్కుని మీట నొక్కింది.

మొదట బాగానే ఉంది. నిండుగా ఉంది. ఇరవై ఒకటి, ఇరవై రెండు అని ఎవరో లెక్కపెడుతున్నారు. ఉన్నట్టుండి మాట పుటుక్కున తెగింది. అర క్షణం ఏమీ లేదు, తర్వాత మళ్ళీ అందరూ ఒక్కసారి అందుకున్నారు. నలభై ఐదు దగ్గర మళ్ళీ అంతే.

"విడివిడిగా పాడించారు కదా సార్" అంది సౌండమ్మాయి. "ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరైనా దాదాపు ఒకేచోట ఊపిరి తీసుకుంటారు. అన్నీ కలిపేసరికి అన్నీ ఒకేచోట ఆగుతున్నాయి. అతుకులు వేసి చూశాను. ఫ్యాక్టరీ సైరన్‌లా వస్తోంది."

"ఇంకా బాగా అతకండి."

"అతకడం దర్జీ పని" అంది మేస్త్రమ్మ. "రండి ఇటు." మేనల్లుడి మోచెయ్యి పట్టుకుంది. ఇంత పొడుగు మనిషిని, పదిమంది ముందు దర్శకుణ్ణి, ఐదేళ్ళ వాణ్ణి బడికి లాక్కెళ్ళినట్టు లాక్కెళ్ళి మూడో మెట్టు మీద చివర నిలబెట్టింది. "మీరు పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ మమ్మల్ని ముందు నించే చూశారు. ఇవాళ వెనక నించి చూడండి. నోరు కూడా మెదపండి, గొంతుందిగా మీకు, దేవుడి దయవల్ల."

తను మొదటి వరస మధ్యలో, తన సుద్దగుర్తు మీద నిలబడింది. బాబాయి లేవబోతే, వద్దని చేత్తో ఆపింది.

"ముందు బాబాయి లేకుండా. మూడో అంకం, పొడుగు మాట."

అందుకున్నారు. దర్శకుడు కూడా అందుకున్నాడు, మొక్కుబడిగా. ఇరవై దాకా ఇబ్బందేమీ లేదు. ఆ తర్వాత జరిగింది చూడండి, ఇలాంటి తప్పు కోరస్ వాళ్ళు తప్ప లోకంలో ఇంకెవరూ చెయ్యరు. అందరికీ ఊపిరి అయిపోవస్తోంది. కానీ ప్రతివాళ్ళూ, పక్కవాళ్ళకి అవసరమేమో, వాళ్ళు తీసుకున్నాక తీసుకుందాంలే అని బిగపట్టారు. ముందు నువ్వంటే ముందు నువ్వని పదిహేను మందీ మర్యాదలు పోయి, ఆఖరికి ఎవరి వల్లా కాక ఒకేసారి నోళ్ళు తెరిచి గాలి పీల్చారు. మాట పుటుక్కున తెగింది. టేపు కంటే ఘోరంగా తెగింది.

"చూశారా?" మేస్త్రమ్మ వెనక్కి తిరగలేదు. "మంచితనం ఒక్కటీ ఉంటే చాలదు. ఎవరు ఎప్పుడు తీసుకోవాలో చెప్పేవాడు ఒకడుండాలి. రా బాబాయ్."

బాబాయి వచ్చి అందరికంటే ముందు, ఊరిపెద్ద వేషంలో తను నిలబడే గుర్తు మీద నిలబడ్డాడు. ఖాళీ కుర్చీల వైపు ముఖం. చేతులు వెనక్కి కట్టుకున్నాడు, ముసలివాళ్ళు నడకకి వెళ్ళినప్పుడు కట్టుకున్నట్టే. హాల్లో కూర్చున్నవాళ్ళకి కనిపించేది ఒక పెద్దమనిషి, గంభీరంగా నిలబడ్డాడని, అంతే. మూడో మెట్టు మీద నుంచి దర్శకుడికి కనిపించింది వేరు.

మాట ఎత్తుకున్నారు. ఏడో లెక్కకి బాబాయి కుడిచేతి చూపుడువేలు లేచింది, ఎడమచేతి రెండు వేళ్ళు లేచాయి. కుడిచేతి వేలు ఐదు నిలువుల్లో ఏదో చెబుతుంది, ఎడమచేతి వేళ్ళు ఎన్నో వరసో చెబుతాయి: రెండో నిలువు, రెండో వరస. అక్కడ నిలబడ్డ లావుపాటి ఆవిడ చప్పుడు లేకుండా గాలి తీసుకుంది. తొమ్మిదికి చిటికెనవేలు, ఒక వేలు. మొదటి వరస చివరనున్న పొడుగాయన తీసుకున్నాడు. పదికి ఇంకొకళ్ళు. ఎవరి ఛాతీ చిన్నదో, ఎవరికి పొద్దున్నే ఆయాసమో, ఎవరు నిన్న జలుబుతో వచ్చారో అన్నీ ఆ వేళ్ళకి తెలుసు. మనిషికి నాలుగేసి ఊపిరులు, ఒకరి తర్వాత ఒకరికి, వడ్డన పంక్తిలో విస్తరి తప్పకుండా వడ్డించినట్టు వడ్డిస్తున్నాయి. ముప్ఫై దాటింది. యాభై దాటింది. మాట తెగలేదు.

దర్శకుడు మొక్కుబడి సంగతి ఎప్పుడో మరిచిపోయాడు. నిజంగా పాడుతున్నాడు. యాభై ఏడు దగ్గర అతని గొంతు వణికింది. అలవాటు లేని ఊపిరి, అడుగంటిపోయింది. అప్పుడు వెనక్కి చూడకుండానే, ఆ వణుకు విని, బాబాయి కుడిచేతిని పిడికిలి బిగించి తెరిచాడు. ఐదు నిలువుల్లో ఎక్కడా లేని మనిషికి, ఏ వేలూ లేని మనిషికి, అది పిలుపు. దర్శకుడికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. గాలి తీసుకున్నాడు. అతను ఆగిన ఆ క్షణంలో పదిహేను మందీ అతని కింద చేతులు పెట్టి మోసినట్టయింది, మళ్ళీ అందుకున్నాడు.

ఎనభై.

మాట ఆగాక కూడా కాసేపు హాలు మోగుతూనే ఉంది. సౌండమ్మాయి హెడ్‌ఫోన్లు తీసేసి ఒళ్ళో పెట్టుకుంది.

మేస్త్రమ్మ ఆయాసపడుతూ ఇటు తిరిగింది. ముఖం ఎర్రబడింది, కళ్ళు మెరుస్తున్నాయి. "రెండేళ్ళ కిందట ఇదే నాటకం చూడ్డానికి వచ్చావు గుర్తుందా? చూసి నాకేం రాశావు? అత్తా, ఆ పొడుగు మాటకి ఒళ్ళు జలదరించింది, చేస్తే ఇక్కడే పనిచేస్తాను అని రాశావా లేదా? అంతకు ముందు ఇరవై తొమ్మిదేళ్ళూ ఆ మాట తెగుతూనే వచ్చిందిరా. ఏదో ఒకచోట తెగేది, ఏదో దగ్గుతో కప్పేసేవాళ్ళం. గొంతు పోయాక బాబాయి ఇంట్లో కూర్చోలేక ఈ పని కనిపెట్టాడు. అప్పట్నించీ ఒక్కసారి తెగలేదు. నిన్ను ఇక్కడికి రప్పించింది ఈయన వేళ్ళు. నువ్వు ఈయన్ని దింపుతావా?"

కోపంలో 'మీరు' ఎగిరిపోయి 'రా' వచ్చిందని ఆవిడ గమనించలేదు. దర్శకుడూ పట్టించుకోలేదు.

"ఎవరైనా చెయ్యొచ్చు కదా ఈ పని?" అన్నాడు మెల్లగా. ఎదురాడటానికి కాదు, నిజంగానే తెలుసుకుందామని.

"పాడేవాడు చెయ్యలేడు" అంది మేస్త్రమ్మ గర్వంగా. "మేం చేసి చూడలేదనుకున్నావా? పాడుతూ వేళ్ళు ఆడిస్తే, తనకి ఊపిరి కావలసినప్పుడల్లా ఆ వేళ్ళు తడబడతాయి. సొంత ఊపిరి లాగేస్తుంది. మిగతావాళ్ళ ఊపిరి పంచాలంటే తన గొంతు వదులుకున్నవాడే ఉండాలి. అందుకే మా పదహారో గొంతు పలకదు. పలకకపోబట్టే మిగతా పదిహేనూ పలుకుతున్నాయి."

మెట్ల మీద ఎవరో చప్పట్లు మొదలుపెట్టబోయి, బాగుండదని మానేశారు.

దర్శకుడు మెట్లు దిగి బాబాయి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "టేపు తీసెయ్యండి" అన్నాడు సౌండమ్మాయితో. "కోరస్ స్టేజి మీదే ఉంటుంది. పదహారు మందీ. రాజు కనపడకపోతే ఆయనే కొంచెం పక్కకి జరుగుతాడు."

అప్పుడు చూడాలి ఆ సందడి! పద్నాలుగు మంది ఒకేసారి మాట్లాడారు, ఒకేసారి కిందికి దిగారు, లావుపాటావిడ ఏడుస్తూ పొడుగాయన వీపు మీద దబదబా బాదింది. మేస్త్రమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని వాళ్ళని చూస్తూ నిలబడింది. నా వాళ్ళు, అనుకుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఇంత గర్వం ఆవిడకి ఎప్పుడూ కలగలేదు. అద్దం ముందు పాడుకున్న రోజు కూడా కలగలేదు. ఇప్పుడిక ఆ ఒంటరి మాట కూడా సిగ్గుపడకుండా పాడుకోవచ్చు. తనొక్కర్తీ మొదలుపెడుతుంది, వెనక నుంచి తన మనుషులే అందుకుని ఎనభై దాకా తనతో పాటే లాగుతారు, టేపు కాదు. ఇంతకంటే ఏం కావాలి!

ఒక్కటే చిన్న ముల్లు. ఇందాక నాలుగో ఊపిరి ఆవిడకి రాలేదు. యాభై ఎనిమిదో లెక్కకి కుడి మధ్యవేలు లేవాలి, లేవలేదు. చివరిదాకా కళ్ళు చీకట్లు కమ్ముతున్నా ఈడ్చుకొచ్చింది. సందడిలోంచి తప్పుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. బాబాయి అక్కడ ఫ్లాస్కు మూతలో వేణ్ణీళ్ళు పోసుకుంటున్నాడు.

"ఏం బాబాయ్, నన్ను మర్చిపోయావా ఇవాళ? ప్రాణం పోయిందనుకో."

"మర్చిపోలేదు." బాబాయి గుసగుస వినాలంటే దగ్గరికి వంగాలి. "నీ వంతు ఊపిరి నీ మేనల్లుడికి ఇచ్చాను. నువ్వు తట్టుకుంటావో లేదో చూద్దామని."

"ఎందుకూ, పరీక్షలు పెట్టే వయసా నాది?"

బాబాయి చొక్కా జేబులోంచి మడిచిన కాగితం తీసి ఇచ్చాడు. ఆసుపత్రి కాగితం. మేస్త్రమ్మ చెయ్యి చాచి, దూరంగా పట్టుకుని చదివింది. రెండో ఆపరేషను. తారీఖు చూసింది. మళ్ళీ చూసింది. కొత్త దర్శకుడి మొదటి ప్రదర్శన రోజు ఉదయం ఎనిమిది గంటలు. ఇంకా తొమ్మిది రోజులు.

"ఈసారి గొంతు తిరిగి రావచ్చంటున్నారు" అన్నాడు బాబాయి. ఆ మాట అంటున్నప్పుడు ఆ ముసలి ముఖంలో కనిపించిన ఆశ చూసి, వాయిదా వెయ్యమని అడగబోయిన మేస్త్రమ్మ నోరు మూసుకుంది. "మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో తెలీదు. నేను లేకపోతే మాట తెగుతుంది. ఇందాక చూశాంగా."

"ఇంకెవరికైనా నేర్పు."

"తొమ్మిది రోజుల్లోనా? ఈ పద్నాలుగు మంది ఊపిరితిత్తుల లెక్క నాకు తెలుసు, నీకు తెలుసు. మూడో మనిషికి తెలీదు." వేణ్ణీళ్ళు ఒక గుక్క తాగాడు. "పాడేవాడు చెయ్యలేడని నువ్వే చెప్పావు మేస్త్రమ్మా. బాగా చెప్పావు."

తన మాటలే, పావుగంట కిందట పదిమంది ముందు ఛాతీ విరుచుకుని చెప్పిన మాటలే, తిరిగొచ్చి తన ముందే నిలబడ్డాయి. ఇంకొకళ్ళ గురించి అయితే ఎంత తేలిగ్గా చెప్పింది!

"అత్తా!"

దర్శకుడు హాలు మధ్య నుంచి పిలుస్తున్నాడు. నాటకశాలలో అతను అత్తా అనడం అదే మొదటిసారి. కోరస్ అంతా మళ్ళీ మెట్లెక్కి గుర్తుల మీద నిలబడ్డారు, ముఖాలు వెలిగిపోతున్నాయి. అందరికంటే ముందున్న బాబాయి గుర్తు ఖాళీగా ఉంది. సౌండమ్మాయి కూడా పని మానేసి మోచేతుల మీద ఆనుకుని చూస్తోంది.

"రా అత్తా, నీ మాట వినలేదింకా మేం. నువ్వు ఎత్తుకో, వాళ్ళు అందుకుంటారు. టేపు లేదు, ఏం లేదు, అంతా నీ ఇష్టం."

మేస్త్రమ్మ ఆసుపత్రి కాగితం మడిచి బాబాయి చేతిలో పెట్టి హాలు మధ్యకి నడిచింది. ఒంటరి గొంతుకని దర్శకుడు స్వయంగా గీసిన కొత్త సుద్దగుర్తు ఎడమ పక్కన ఉంది. బాబాయి పాత గుర్తు ఎదురుగా ఉంది. రెంటికీ మధ్య నాలుగడుగుల దూరం. అందరి కళ్ళూ ఆవిడ నోటి మీదే ఉన్నాయి.

"ఒకటి..." అని దర్శకుడు చెయ్యెత్తాడు.

అడుగు ఇంకా ఏ గుర్తు మీదా పడలేదు. కానీ చేతులు రెండూ, తను చెప్పకుండానే, వీపు వెనక్కి వెళ్ళి ఒకదాన్నొకటి పట్టుకున్నాయని మేస్త్రమ్మకి తెలిసింది.